టెక్ సందేహాలు: అప్‌డేట్ వచ్చింది, గేమ్ పోయింది!

ప్రశ్న: పీసీలో స్టీమ్ (గేమ్స్ కొని దించుకునే యాప్) ద్వారా గేమ్స్ ఆడతాను. పోయిన వారం ఒక గేమ్‌కు 9 జీబీ అప్‌డేట్ వచ్చింది. అప్పటి నుంచి లోడింగ్ సగంలో ఉండగానే క్రాష్ అయి డెస్క్‌టాప్‌కు వచ్చేస్తోంది. రెండుసార్లు తీసేసి, 80 జీబీ మళ్లీ డౌన్‌లోడ్ చేశాను. నెట్ అంతా నేనే లాగేస్తున్నానని ఇంట్లో తిట్లు. పాత వెర్షన్‌కు వెళ్లే దారి లేదా?
– డిగ్రీ విద్యార్థి, వరంగల్

జవాబు: ముందు మూడోసారి డౌన్‌లోడ్ పెట్టకండి. అప్‌డేట్‌లోనే బగ్ ఉంటే ఎన్నిసార్లు దించుకున్నా వచ్చేది అదే ఫైలు. తప్పు మీ కంప్యూటర్‌లో ఉందా, కంపెనీ పంపిన దాంట్లో ఉందా అన్నది ముందు తేల్చుకోవాలి.

లైబ్రరీలో గేమ్ పేరు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లోకి వెళ్లండి. ఇన్‌స్టాల్డ్ ఫైల్స్‌లో ‘వెరిఫై ఇంటిగ్రిటీ ఆఫ్ గేమ్ ఫైల్స్’ అని ఉంటుంది. అది నొక్కితే స్టీమ్ ఒక్కో ఫైలునూ సరిచూసి, చెడిపోయినవి మాత్రమే మళ్లీ తెచ్చుకుంటుంది. స్టీమ్ గేమ్ ఫైళ్లను సుమారు 1 ఎంబీ ముక్కలుగా చూస్తుంది. అప్‌డేట్‌లో మారిన ముక్కలనే దించి, పాత వాటితో కలిపి ఫైలును కొత్తగా కడుతుంది. డౌన్‌లోడ్ అయిపోయాక కూడా హార్డ్ డిస్క్ చాలాసేపు గిరగిరా తిరిగేది అందుకే. ఆ సమయంలో కరెంటు పోయినా, డిస్క్ నిండిపోయినా ఫైలు సగంలో ఆగిపోవచ్చు. వెరిఫై చేసినప్పుడు ఒకటి రెండు ఫైళ్లు తేడా చూపిస్తే కంగారు వద్దు. కొన్ని గేమ్స్‌లో సెట్టింగ్స్ ఫైళ్లు ఎప్పుడూ అలాగే చూపిస్తాయి.

అన్నీ సరిగానే ఉన్నాయని వచ్చిందా? అయితే మోడ్స్, అంటే గేమ్‌ను మార్చడానికి బయటివాళ్లు తయారుచేసిన ఫైళ్లు, ఏమైనా వేశారేమో చూడండి. నా అనుమానం మొదట వాటి మీదే. పాత వెర్షన్ కోసం రాసిన మోడ్ కొత్త దాంట్లో గేమ్‌ను తెరుచుకోనివ్వకపోవచ్చు. గేమ్‌ను తీసేసినా మోడ్ ఫైళ్లు ఫోల్డర్‌లో అలాగే మిగిలిపోతుంటాయి. మీరు రెండుసార్లు ఇన్‌స్టాల్ చేసినా ఫలితం లేకపోవడానికి అదీ కారణం కావచ్చు. వాటిని తీసే ముందు సేవ్ ఫైళ్లను (మీరు ఎంతవరకు ఆడారో దాచేవి) కాపీ చేసి పక్కన పెట్టుకోండి. వాటిని ఆన్‌లైన్‌లో దాచే స్టీమ్ క్లౌడ్ ఉంది కదా అనుకోవద్దు, అన్ని గేమ్స్‌కూ అది ఉండదు.

ఇక పాత వెర్షన్ సంగతి. అదే ప్రాపర్టీస్‌లో ‘బీటాస్’ అని ఒకటి ఉంటుంది. గేమ్ తయారుచేసినవాళ్లు పాత వెర్షన్ అక్కడ ఉంచితే ఎంచుకుని వెనక్కి వెళ్లొచ్చు. చాలామంది ఉంచరు. ఆన్‌లైన్ మ్యాచ్‌లు ఆడే గేమ్ అయితే ఆశే పెట్టుకోవద్దు, వెర్షన్ కలవకపోతే సర్వర్ లోపలికి రానివ్వదు. స్టీమ్‌లో ‘నేను గేమ్ తెరిచినప్పుడే అప్‌డేట్ చెయ్యి’ అని పెట్టుకోవచ్చు కానీ, ‘అసలు వద్దు’ అనే వీలు లేదు. డబ్బు పెట్టి కొన్న వస్తువు నిన్న పనిచేసి ఇవాళ పనిచేయకపోతే, నిన్నటిది తిరిగి ఇమ్మనే బటన్ ఒకటి ఉండాలి. ఇన్నేళ్లయినా అది ఇవ్వకపోవడం నాకు మింగుడుపడదు.

గేమ్ ఈమధ్యే కొన్నారా? కొని 14 రోజులు దాటకుండా, ఆడిన సమయం 2 గంటల లోపు ఉంటే రిఫండ్ అడగొచ్చు. గేమ్ తెరిచి ఉన్నంతసేపూ ఆడినట్టే లెక్క, లోడింగ్ స్క్రీన్ చూస్తూ కూర్చున్న సమయం కూడా అందులోకే వస్తుంది. గడువు దాటినా కారణం రాసి అడగండి, ఇవ్వాలా వద్దా అన్నది వాళ్లిష్టం. గొడవ పెద్దదైతే కంపెనీలు దిగివస్తాయి కూడా. 2020 డిసెంబరు 10న విడుదలైన సైబర్‌పంక్ 2077 పాత ప్లేస్టేషన్లలో బగ్గులతో నడవలేకపోతే, సోనీ వారం తిరిగేసరికి దాన్ని తన స్టోర్ నుంచి తీసేసి డబ్బు వెనక్కి ఇస్తామంది. అది మళ్లీ స్టోర్‌లోకి వచ్చింది 2021 జూన్‌లోనే.

ప్రశ్న: మా పాత పీసీలో విండోస్ 7 ఉంది. స్టీమ్ సరిగా పనిచేయట్లేదు. ఏదైనా అప్‌డేట్ పాడైందా?
– గుంటూరు

జవాబు: పాడవలేదు. 2024 జనవరి 1 నుంచి విండోస్ 7, 8, 8.1లకు స్టీమ్ సపోర్ట్ ఆపేసింది. స్టీమ్ లోపల వాడే క్రోమ్ బ్రౌజర్ భాగం ఆ పాత విండోస్‌ల మీద నడవదు. విండోస్ మార్చడం తప్ప దారి లేదు.

ప్రశ్న: గేమ్ క్రాష్ అవుతోందని చెబితే డిస్కార్డ్ చాట్ యాప్‌లో ఒకరు ‘ఫిక్స్’ అంటూ ఒక ఫైలు పంపారు. యాంటీవైరస్ ఆపి రన్ చేయమంటున్నారు. చేయొచ్చా?
– విజయవాడ

జవాబు: వద్దు. యాంటీవైరస్ ఆపమన్నారంటేనే అర్థం చేసుకోండి. ఒకవేళ ఇప్పటికే రన్ చేసి ఉంటే, ఆ పీసీలో కాకుండా ఫోన్‌లో స్టీమ్ పాస్‌వర్డ్ మార్చి, మిగతా డివైజ్‌లన్నింటి నుంచీ సైన్ అవుట్ చేసి, స్టీమ్ గార్డ్ (లాగిన్‌కు పాస్‌వర్డ్‌తో పాటు కోడ్ కూడా అడిగే రక్షణ) ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. ఆ తర్వాత పీసీని పూర్తిగా స్కాన్ చేయండి. ఈమెయిల్ పాస్‌వర్డ్ కూడా అదే అయితే అదీ వెంటనే మార్చేయండి.