జైలు డ్యూటీలో చేరబోతున్న మేనల్లుడికి

చిరంజీవి నానికి,

మామయ్య దీవెనలు. వార్డర్ పోస్టుకు సెలెక్ట్ అయ్యావని చెబుతూ మీ అమ్మ ఫోన్లోనే ఏడ్చేసింది. జైల్లో ఉద్యోగమా అని ఆమె భయం. ఇరవై ఎనిమిదేళ్లు ఆ గేటు దాటి లోపలికి వెళ్లొచ్చినవాణ్ని కాబట్టి నాకు తోచింది రాస్తున్నాను.

కవాతు, రూల్సు ట్రైనింగ్‌లో నేర్పుతారు. "చూస్తాలే" అనే మాట లోపల ఎంత బరువో మాత్రం నాకెవరూ చెప్పలేదు. చేరిన కొత్తలో పంతొమ్మిదేళ్ల రిమాండ్ కుర్రాడొకడు ఉండేవాడు. బెయిలొచ్చింది గానీ జామీను ఉండేవాళ్లు లేరు. "మా బాబాయికి కబురు పెట్టించండి సార్" అన్నాడు. చూస్తాలే అన్నాను, మర్చిపోయాను. నాలుగు రోజులు పొద్దున్నే అన్‌లాక్ అవగానే, అంటే బ్యారక్ తాళాలు తీయగానే, బట్టల సంచి చంకలో పెట్టుకుని బ్యారక్ ఊచల దగ్గర నిలబడ్డాడు. ఏమీ అడగలేదు, నా మొహంకేసి చూసేవాడంతే. ఐదో రోజు అన్నం ముట్టలేదని తెలిశాకే నాకు గుర్తొచ్చింది. ఆ సంచి ఇప్పటికీ కళ్లముందు కనబడుతుంది.

అప్పట్నుంచి జేబులో చిన్న నోట్‌బుక్ పెట్టుకున్నాను. ఎవరేం అడిగినా రాసుకుని, పైవాళ్లకు చెప్పి, సాయంత్రం బ్యారక్‌లకు తాళాలు వేసేలోపు జవాబు చెప్పేవాణ్ని. కుదరదన్నా సర్దుకునేవాళ్లు. నువ్వూ అలాగే చెయ్యి.

2022 చివరి లెక్కల ప్రకారం దేశంలోని ఖైదీల్లో ప్రతి 100 మందికి 75 మందికి పైగా విచారణ ఖైదీలే. నేరం ఇంకా రుజువు కానివాళ్లన్నమాట. 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, అంటే క్రిమినల్ కేసులు ఎలా నడపాలో చెప్పే చట్టంలో, 479వ సెక్షన్ బాగా చదువుకో. ఉరిశిక్ష, యావజ్జీవం పడే కేసులు కాకుండా, ఇంతకుముందు ఏ నేరంలోనూ దోషిగా తేలనివాడు గరిష్ఠ శిక్షలో మూడోవంతు కాలం లోపలే గడిపితే బెయిలుకు అర్హుడు. ఒకటికి మించి కేసులుంటే అది వర్తించదు. కోర్టుకు రాయాల్సింది సూపరింటెండెంటే అయినా, ఎవరు ఎన్నాళ్లుగా ఉంటున్నారో రోజూ చూసేది నువ్వు. చెప్పడానికి మొహమాటపడకు.

ఇంకొకటి. లోపల ఎవరి దగ్గరా చిన్న సాయం కూడా తీసుకోకు, రూల్సు తప్పి చెయ్యకు. బీడీ కట్టతోనో "ఇంటికి ఒక్క ఫోన్ సార్"తోనో మొదలవుతుంది. తర్వాత నీ గొంతు పెగలదు. ఏదైనా పొరపాటు జరిగితే ఆ రోజే జైలర్‌కు చెప్పెయ్. తిట్లతో పోతుంది.

ప్రొబేషన్ ఆఫీసర్ పరీక్ష కూడా రాస్తానన్నావటగా. తప్పకుండా రాయి. నేరం చేసినవాణ్ని జైలుకు పంపకుండా మంచి నడవడిక షరతు మీద బయటే ఉంచడాన్ని ప్రొబేషన్ అంటారు. 1958 నాటి ప్రొబేషన్ చట్టంలో 6వ సెక్షన్ ఉంది. యావజ్జీవం పడే నేరం కాకపోతే, నేరం రుజువైన 21 ఏళ్లు నిండనివాణ్ని జైలుకు పంపేముందు కోర్టు ప్రొబేషన్ ఆఫీసర్ రిపోర్టు తెప్పించుకోవాలి. ఆ రిపోర్టు టీ కొట్టు దగ్గర విన్న మాటలతో రాసేది కాదు నానీ. వాడి ఇంటికి వెళ్లు, గుమ్మంలో కూర్చో, తల్లితో మాట్లాడు, పనిచేసిన చోట అడుగు. నువ్వు సరిగా రాస్తే, ఆ కుర్రాడిలా సంచి పట్టుకుని ఊచల దగ్గర నిలబడాల్సిన వాడొకడు ఇంట్లోనే ఉంటాడు.

మొదటి నైట్ డ్యూటీ దిగగానే ఫోన్ చెయ్యి. తెల్లారి ఐదైనా సరే. రిటైరయ్యాక కూడా నాకు అన్‌లాక్ టైముకే మెలకువ వస్తుంది.

మీ మామయ్య