టెక్ సందేహాలు: పాత తెలుగు పుస్తకాలు ఫోన్‌లోకి ఎలా?

ప్రశ్న: మా నాన్నగారు విశ్రాంత ఉపాధ్యాయులు. చిలకమర్తి, శ్రీపాద రచనలు మళ్లీ చదవాలని ఉందంటున్నారు. ఉచితంగా, చట్టానికి లోబడి ఎక్కడ దొరుకుతాయి? ఒకచోట దించుకున్న పీడీఎఫ్‌లో అక్షరాలు పెద్దవి చేస్తే సగం పంక్తి తెర బయటికి పోతోంది.
– ఒక పాఠకురాలు, రాజోలు

జవాబు: మీరు దించుకున్నది పుట పుటకూ తీసిన ఫొటోల కట్ట. ఫొటోను పెద్దది చేస్తే అంచులు తెర దాటిపోతాయే తప్ప పంక్తులు సర్దుకోవు. నాన్నగారి కళ్లకు సుఖంగా ఉండాలంటే ముందుగా తెలుగు వికీసోర్స్‌లో వెతకండి. అక్కడ స్వచ్ఛంద కార్యకర్తలు పాత పుస్తకాలను అక్షర రూపంలోకి మార్చి, అచ్చుతప్పులు దిద్దుతున్నారు. వీరేశలింగం గారి స్వీయచరిత్రము వంటివి అక్కడ చదువుకోవచ్చు. పుస్తకాన్ని ఈపబ్ (ఈ-పుస్తకాల ఫైలు) రూపంలో దించుకుని గూగుల్ ప్లే బుక్స్‌లో తెరిస్తే, అక్షరం ఎంత పెంచినా పంక్తి తెర వెడల్పుకు తగ్గట్టు విరుగుతుంది. ఒకసారి దించుకున్నాక నెట్ అక్కర్లేదు కనుక, గాలివానకు కరెంటు, సిగ్నల్ రెండూ పోయే మన కోనసీమలో ఇది చిన్న సౌకర్యమేమీ కాదు.

అక్కడ లేని పుస్తకానికి, పాత పుస్తకాల స్కాన్లను ఉచితంగా ఉంచే వెబ్‌సైటు ఇంటర్నెట్ ఆర్కైవ్‌ను ఆశ్రయించాలి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకం కింద స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలు పెద్ద సంఖ్యలో అందులోకి చేరాయి. చిక్కంతా వెతకడంలోనే ఉంది. ఆ పుస్తకాల పేర్లను చాలావరకు ఇంగ్లీషు అక్షరాల్లో, ఎవరికి తోచిన వర్ణక్రమంలో వారు నమోదు చేశారు. అందువల్ల ‘చిలకమర్తి’ని చివరి టీ పక్కన హెచ్ చేర్చి ఒకసారి, చేర్చకుండా ఒకసారి, ఆయన పేరులోని ‘లక్ష్మి’ని కేఎస్‌హెచ్‌తో ఒకసారి, ఎక్స్‌తో మరొకసారి వెతకాలి. తెలుగు లిపిలోనూ ప్రయత్నించండి. పుస్తకం దొరకగానే దించుకోకుండా, ముందు అక్కడే తెరిచి పుటల సంఖ్యలు వరుసగా ఉన్నాయో లేదో తిరగేసి చూడండి. ఈ స్కాన్లలో పుటలు ఎగిరిపోవడం, ఒకే పుట రెండుసార్లు రావడం మామూలే. కథ మధ్యలో పుటలు పోయిన పుస్తకమైతే అదే శీర్షికతో ఉన్న మరో స్కాన్ వెతకాలి. అదీ లేకపోతే రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయంలో అచ్చు ప్రతి ఉందేమో విచారించడమే మార్గం.

ఇక చట్టం సంగతి. మన దేశంలో రచయిత మరణించిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లపాటు ఆయన రచనలపై హక్కులు ఉంటాయి. చిలకమర్తి 1946లో, అడవి బాపిరాజు 1952లో, శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి 1961లో కన్నుమూశారు కనుక వారు బతికుండగా వెలువడిన పుస్తకాల హక్కులు తీరిపోయాయి. శ్రీపాదవారివి 2022 జనవరి నుంచే ఈ జాబితాలోకి వచ్చాయి. 1980లో మరణించిన దేవులపల్లి కృష్ణశాస్త్రి విషయంలో మాత్రం 2040 చివరిదాకా ఆగాలి. రచయిత పోయిన తరువాత తొలిసారి అచ్చయిన రచనకైతే ఆ ప్రచురణ సంవత్సరం నుంచి లెక్క. అనువాదానికి అనువాదకుల హక్కు వేరుగా ఉంటుంది. ఆర్కైవ్‌లో కనిపించినంత మాత్రాన హక్కులు తీరినట్టు కాదు. ఎవరో ఎక్కించిన కొత్త పుస్తకాలూ అందులో ఉంటాయి. టెలిగ్రామ్ గ్రూపుల్లో తిరిగే నిన్నమొన్నటి నవలల పీడీఎఫ్‌ల గురించి వేరే చెప్పాలా? ‘ఉచిత తెలుగు పుస్తకాలు’ అంటూ కాంటాక్టులకు అనుమతి అడిగే యాప్‌లను కూడా దూరం పెట్టండి. నవల చదవడానికి మీ బంధువుల ఫోన్ నంబర్లతో పనేమిటి?

ప్రశ్న: మా ప్రాథమిక పాఠశాల పిల్లలకు బొమ్మల కథలు తెలుగులో ఉచితంగా దొరుకుతాయా? అచ్చు తీసి పంచవచ్చా?
– ఒక ఉపాధ్యాయుడు, ముమ్మిడివరం

జవాబు: దొరుకుతాయండీ. ప్రథమ్ బుక్స్ సంస్థ 2015లో ప్రారంభించిన ఉచిత కథల వెబ్‌సైటు స్టోరీవీవర్‌లో భాషను తెలుగుగా ఎంచుకుని, పిల్లల చదివే స్థాయిని బట్టి కథలను వడపోసుకోవచ్చు. ఇవి క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో (కర్తల పేర్లు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చని ముందే ఇచ్చే అనుమతితో) వస్తాయి కనుక పీడీఎఫ్ దించుకుని అచ్చు తీయవచ్చు, పంచవచ్చు. అయితే రచయిత, చిత్రకారుల పేర్లు, లైసెన్సు వివరాలు ఉండే చివరి పుటను కాగితం ఆదా కోసం వదిలేయకుండా దాన్ని కూడా అచ్చు తీయించండి.