అమెరికా ఆర్మీలో చేరుతున్న అమ్మాయికి లైంగిక దాడి ఎదురైతే ముందు ఎవరికి చెప్పాలి?

మీ ప్రశ్న చదివాక వెంటనే రాయలేకపోయాను, రెండు రోజులు పట్టింది. మీ పంతొమ్మిదేళ్ల అమ్మాయి వచ్చే నెల డాలస్ నుంచి ఆర్మీ బేసిక్ ట్రైనింగ్‌కు వెళ్తోందని, ఆర్మీలో హత్యకు గురైన వెనెస్సా గియెన్ అనే అమ్మాయి గురించి చదివినప్పటి నుంచి మీ ఆవిడకు నిద్ర పట్టడం లేదని రాశారు. జరగరానిది జరిగితే పిల్ల ఎవరికి చెప్పుకోవాలి, మేమేం చేయాలి అని అడిగారు. నేను అదే ఆర్మీలో ఎనిమిదేళ్లు సప్లై పనిలో ఉన్నాను. నా మీద కూడా అలాంటిది ఒకటి జరిగింది. తర్వాత చివరి మూడేళ్లు నా ఉద్యోగంతో పాటు విక్టిమ్ అడ్వకేట్‌గా, అంటే బాధితుల పక్కన నిలబడే మనిషిగా కూడా పనిచేశాను. అందుకే తెలిసినంతవరకు వివరంగా రాస్తున్నాను.

ముందు మీ ప్రశ్నకు నేరుగా జవాబు. మొదటి మాట చెప్పాల్సింది యూనిట్‌లోని సార్జెంట్‌కో కమాండర్‌కో కాదు. లైంగిక వేధింపులు, దాడుల విషయాలు చూసే షార్ప్ ఆఫీసులో సార్క్ అని పిలిచే అధికారి ఉంటారు, వాళ్ల కింద విక్టిమ్ అడ్వకేట్లు ఉంటారు. ముందు వాళ్లకు చెప్పాలి. సార్జెంట్లంతా చెడ్డవాళ్లని కాదు, నాకు దేవుడిలాంటి సార్జెంట్లు కూడా దొరికారు. కానీ వాళ్ల చెవిన పడితే పైకి చెప్పి తీరాలన్నది వాళ్ల మీదున్న రూలు. అక్కడి నుంచి విషయం మీ అమ్మాయి చేతిలో ఉండదు.

ఇది నాకు అనుభవం మీద తెలిసింది. 2014లో ఒక సాయంత్రం సప్లై రూమ్‌లో సామాను లెక్క చూస్తుంటే నాకంటే పై ర్యాంకు వ్యక్తి ఒకడు వెనక నుంచి వచ్చి చేయకూడని పని చేశాడు. ఇంతకంటే వివరం రాయను. మర్నాడు పొద్దున మా స్క్వాడ్ లీడర్‌ని, అంటే మా చిన్న బృందానికి నాయకుడిని, పక్కకు పిలిచి, ఎవరికీ చెప్పొద్దని బతిమాలి మరీ చెప్పాను. ఆయన మొహం పాలిపోయింది. "నువ్వు నాకు చెప్పకుండా ఉండాల్సింది, ఇక నేను ఆపలేను" అన్నాడు. మధ్యాహ్నానికల్లా కమాండర్‌కు తెలిసింది. మరుసటి రోజు సీఐడీ వాళ్లు, అంటే ఆర్మీలో నేరాలు దర్యాప్తు చేసేవాళ్లు, నన్ను గదిలో కూర్చోబెట్టి నాలుగు గంటలు ప్రశ్నలడిగారు. వారం తిరిగేసరికి డైనింగ్ హాల్లో నా బల్ల దగ్గర కూర్చునేవాళ్లు లేరు. ఫిర్యాదు చేయాలా వద్దా అని ఆలోచించుకోవడానికి నాకు ఒక్క రాత్రి కూడా దొరకలేదు.

రిపోర్టులో రెండు దారులున్నాయని నాకు అప్పటికి పాఠంగా చెప్పారు, స్లైడ్లు కూడా చూపించారు. కానీ అవసరం వచ్చిన రోజున ఆ పాఠం ఒక్క ముక్క గుర్తు రాలేదు. మీ అమ్మాయికి గుర్తుండాలంటే ఇంట్లో, మామూలు మాటల్లో, మీరే చెప్పాలి.

ఒకటి రిస్ట్రిక్టెడ్ రిపోర్ట్. 2005 నుంచి ఉంది. దీంట్లో ఆమె సార్క్‌కో, విక్టిమ్ అడ్వకేట్‌కో, మిలిటరీ వైద్య సిబ్బందికో చెప్పుకోవచ్చు. చికిత్స, కౌన్సెలింగ్ అన్నీ దొరుకుతాయి. పోలీసు దర్యాప్తు ఉండదు. ఒక ఘటన జరిగిందని కమాండర్‌కు తెలుస్తుంది తప్ప ఎవరికి జరిగిందో తెలియదు. ఎవరి ప్రాణానికైనా ముప్పు ఉందనిపించే సందర్భాల్లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి, అంతే. ఆధారాల కోసం చేసే వైద్య పరీక్ష కూడా పేరు లేకుండా ఒక నంబరు మీద జరుగుతుంది, ఆ ఆధారాల కిట్‌ను ఏళ్ల తరబడి భద్రంగా ఉంచుతారు. కొన్ని రాష్ట్రాల్లో ఆస్పత్రులు పోలీసులకు చెప్పి తీరాలన్న చట్టం ఉంది కాబట్టి బయటి ఆస్పత్రికి వెళ్లే ముందు అడ్వకేట్‌కు ఒక ఫోన్ చేయడం మంచిది. పరీక్షకు వెళ్లేదాకా స్నానం చేయకుండా, బట్టలు ఉతకకుండా ఉంటే మేలు. చేసేసినా సరే, వెళ్లమనండి. "అయ్యో, స్నానం చేసేశాను, ఇంకేం లాభం" అనుకుని ఆగిపోవడం పెద్ద నష్టం.

రెండోది అన్‌రిస్ట్రిక్టెడ్. దీంట్లో కమాండర్‌కు తెలుస్తుంది, దర్యాప్తు జరుగుతుంది, అవతలివాడు ఆమె దగ్గరకు రాకుండా కమాండర్ ఉత్తర్వు ఇవ్వవచ్చు, ఆమె కావాలంటే వేరే చోటికి త్వరగా బదిలీ కోరుకోవచ్చు. మొదటి దారిలో మొదలుపెట్టి, మనసు కుదుటపడ్డాక రెండో దారికి మారవచ్చు. రెండో దారి నుంచి మొదటిదానికి వెనక్కి రావడం కుదరదు. ఈ ఒక్క వాక్యం మీరు ముగ్గురూ గుర్తు పెట్టుకోండి. నా రోజుల తర్వాత నిబంధన కొంత మెరుగైంది. యూనిట్‌లో ఎవరికో తెలిసిపోయినా, ఆమె స్వయంగా పోలీసులకు ఫిర్యాదు ఇవ్వనంతవరకు రిస్ట్రిక్టెడ్ కోరుకునే వీలు చాలావరకు మిగిలే ఉంటుంది. కానీ అప్పటికే మొదలైన దర్యాప్తు మాత్రం ఆమె కోసం ఆగదు.

ఇప్పుడు మీ గురించి. ఇది చదివితే కష్టంగా ఉండొచ్చు, అయినా చెప్పాలి. పిల్ల ఫోన్ చేసి ఏడిస్తే తండ్రిగా మీరు చేయాలనుకునే మొదటి పని ఆ కమాండర్‌కు ఫోన్ చేసి నిలదీయడం. మా బాబాయి సరిగ్గా అదే చేయబోయాడు. దయచేసి ఆమెను అడగకుండా అది చేయకండి. మీ ఫోన్‌తోనే దర్యాప్తు మొదలైపోవచ్చు. అప్పటిదాకా ఆమె దాచుకోవాలనుకున్నది అందరికీ తెలిసిపోతుంది. ఇక మా అమ్మ మొదటి మాట "ఎవరికీ తెలియనివ్వకు, రేపు పెళ్లి కావాలి, వచ్చెయ్." బాబాయి గట్టిగా అరవమన్నాడు, అమ్మ నోరు మూసుకోమంది. ఇద్దరూ ప్రేమతోనే అన్నారు, నాకు తెలుసు. కానీ అంతకు ముందు రోజే ఒకడు నా ఇష్టం అడగలేదు. ఇంట్లోవాళ్లు కూడా అడగలేదు.

మా అక్క ఒక్కతే అడిగింది. "నేనేం చేయను, చెప్పు" అంది. ఏం చేయాలో నాకూ తెలియదన్నాను. "సరే, అయితే ఫోన్ పెట్టెయ్యకు" అంది. ఆ రాత్రి రెండింటిదాకా లైన్‌లోనే ఉంది. నేను చెప్పింది చెప్పినట్టు, తేదీ, టైము, ఎవరికి ఏం చెప్పానో అన్నీ ఒక నోట్‌బుక్‌లో తెలుగులో రాసిపెట్టింది. ఐదు నెలల తర్వాత విచారణలో నా బుర్ర మొద్దుబారిపోయి తేదీలు తారుమారవుతుంటే ఆ నోట్‌బుక్ చూసుకునే సరిచేసుకున్నాను. మీ ఇంట్లో కూడా అలాంటి మనిషి ఎవరో ముందే తేల్చుకోండి. అది మీరే కానక్కర్లేదు.

లాయర్ సంగతి చాలా కుటుంబాలకు తెలియదు. స్పెషల్ విక్టిమ్స్ కౌన్సెల్ అని బాధితురాలి తరఫున మాత్రమే పనిచేసే మిలిటరీ లాయర్‌ని ఉచితంగా ఇస్తారు. ముందు 2013లో ఎయిర్ ఫోర్స్‌లో మొదలై మిగతా దళాలకు వచ్చింది. ప్రాసిక్యూటర్ ప్రభుత్వం కోసం, ఈయన ఆమె కోసం. సీఐడీ ముందు నోరు తెరవకముందే ఈ లాయర్‌ని అడిగే హక్కు ఆమెకు ఉంది. నాకు దొరికిన ఆవిడ చిన్న వయసు కెప్టెన్. మొదటి అరగంట కేసు గురించి ఒక్క ప్రశ్న అడగలేదు, ఏమేం జరగవచ్చో, దేనికి నేను కాదనవచ్చో చెప్పింది. ఆ రోజు తర్వాతే నాకు మళ్లీ అన్నం సహించింది.

నా కేసు ఎలా ముగిసిందని అడుగుతారు. అతనికి లిఖితపూర్వక మందలింపు, వేరే యూనిట్‌కు బదిలీ. అంతే. అది నాకు న్యాయంగా అనిపించలేదు, ఇప్పటికీ అనిపించదు. అప్పట్లో కేసు కోర్టుకు వెళ్లాలా వద్దా తేల్చేది కమాండర్లే. వెనెస్సా గియెన్ తర్వాత ఇది మారింది. ఆ అమ్మాయికి ఇరవై ఏళ్లు. 2020 ఏప్రిల్ 22న టెక్సాస్‌లోని ఫోర్ట్ హుడ్‌లో కనబడకుండా పోయింది, జూన్ 30న అవశేషాలు దొరికాయి. ఆమెను చంపినవాడు వేరు, అంతకు ముందు వేధించిన పై అధికారి వేరు. ఆ వేధింపుల గురించి యూనిట్‌లో చెప్పినా నాయకులు పట్టించుకోలేదని ఆర్మీ దర్యాప్తే తేల్చింది. వెనెస్సా ఇంట్లో అమ్మకు కూడా చెప్పుకుంది. అదే ఏడాది డిసెంబరులో స్వతంత్ర కమిటీ నివేదిక వచ్చింది. ఆ కమిటీ మాట్లాడిన మహిళా సైనికుల నుంచి నమ్మదగిన లైంగిక దాడి వివరాలు 93 దొరికితే, అందులో రిపోర్టు అయినవి 59 మాత్రమే. అక్కడి పద్నాలుగు మంది అధికారులను తొలగించడమో సస్పెండ్ చేయడమో జరిగింది. ఆమె పేరుతో వచ్చిన సంస్కరణలు 2021 చివర్లో చట్టమయ్యాయి. 2023 డిసెంబరు 28 నుంచి లైంగిక దాడి లాంటి పెద్ద నేరాల్లో కేసు నడపాలా వద్దా అన్న నిర్ణయం కమాండర్ల నుంచి స్వతంత్ర ప్రాసిక్యూటర్లకు వెళ్లింది. 2025 జనవరి నుంచి లైంగిక వేధింపు కేసులు కూడా వాళ్లకే. ఇది రావడానికి ఒక అమ్మాయి ప్రాణం పోవాల్సి వచ్చింది, ఆమె తల్లి, అక్కచెల్లెళ్లు వాషింగ్టన్ దాకా వెళ్లి పోరాడాల్సి వచ్చింది.

భయం ఎంతవరకు నిజమంటే, 2023లో అమెరికా సైన్యంలో దాదాపు 29,000 మంది తమకు ఇష్టం లేని లైంగిక చర్యకు గురయ్యారని రక్షణ శాఖ సర్వే అంచనా. వాళ్లలో ఇంచుమించు సగం మంది మగవాళ్లు. కొడుకును పంపిస్తున్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, ఇదంతా మీ అబ్బాయితో కూడా మాట్లాడండి. మగపిల్లలు చెప్పుకోవడం ఇంకా కష్టం, నేను కళ్లారా చూశాను. నా దగ్గరకు వచ్చినవాళ్ల కథలు నావి కావు, ఒక్కటి కూడా ఎక్కడా చెప్పను. వాళ్లందరూ అడిగిన మొదటి ప్రశ్న మాత్రం చెప్పగలను. "ఎవరెవరికి తెలుస్తుంది?" శిక్ష పడుతుందా అని మొదట అడిగినవాళ్లు నాకు గుర్తు లేరు.

బేసిక్ ట్రైనింగ్ గురించి ప్రత్యేకంగా ఒక మాట. ట్రైనీతో గానీ చేరబోయే అభ్యర్థితో గానీ శిక్షణ ఇచ్చే డ్రిల్ సార్జెంట్, సైన్యంలో చేర్పించే రిక్రూటర్ ఎలాంటి లైంగిక సంబంధం పెట్టుకున్నా నేరం. 2019 నుంచి సైనిక చట్టంలో దీనికి విడిగా సెక్షనే ఉంది. అమ్మాయి ఒప్పుకుందన్న వాదన అక్కడ చెల్లదు. నేనుండే శాన్ ఆంటోనియోలోనే, లాక్‌ల్యాండ్ ఎయిర్ ఫోర్స్ శిక్షణ కేంద్రంలో పెద్ద కుంభకోణం బయటపడింది. 2012లో ఒక ట్రైనర్‌కు 20 ఏళ్ల జైలు పడింది. కాబట్టి రిక్రూటర్ రాత్రిపూట సొంత కబుర్లతో మెసేజ్‌లు పెడుతున్నా, ఒంటరిగా కలవమన్నా అది స్నేహం కాదని మీ అమ్మాయికి ఇప్పుడే చెప్పండి. ఇది వెళ్లకముందే మొదలయ్యే విషయం.

ఇంకొకటి, మందు. ఇరవై ఒకటి నిండకుండా తాగడం నేరం కాబట్టి, ఆ రాత్రి తాగి ఉంటే తననే శిక్షిస్తారని భయపడి నోరు మెదపని పిల్లలు ఎందరో. ఇప్పుడు సేఫ్ టు రిపోర్ట్ అనే విధానం ఉంది. దాడి గురించి చెప్పుకున్న మనిషిని అలాంటి చిన్న తప్పులకు శిక్షించరు. అమ్మాయి తాగిందా అన్నది మీకు ఇంట్లో పెద్ద విషయం కావచ్చు. ఆ సంభాషణ ఆ రోజున వద్దు.

నివారణ అంటే పోస్టర్లు, ఏడాదికోసారి క్లాసు అని నేను నమ్మను. మా పాత యూనిట్‌లో ఒక ప్లటూన్ సార్జెంట్ ఉండేవాడు. ఎవరైనా ఆడవాళ్ల మీద వెకిలి జోకు వేస్తే అరిచేవాడు కాదు. "మళ్లీ చెప్పు, నాకు అర్థం కాలేదు" అని అందరి ముందూ వివరించమనేవాడు. రెండు నెలల్లో ఆ జోకులు ఆగిపోయాయి. ఆయన ఉన్నంతకాలం రాత్రిపూట మోటార్ పూల్‌కు, అంటే యూనిట్ బండ్లు ఉంచే చోటికి, ఒంటరిగా వెళ్లడానికి నాకు భయం వేయలేదు. ఆయన బదిలీ అయ్యాకే నాకు ఆ సప్లై రూమ్ సంగతి జరిగింది. మీ అమ్మాయి ఏ యూనిట్‌లో పడినా మొదటి వారంలోనే అక్కడి జోకులు వినమనండి, వాటికి సార్జెంట్ ఏమంటాడో చూడమనండి.

ఇలాంటి బాధితుల కోసం రక్షణ శాఖ పెట్టిన సేఫ్ హెల్ప్‌లైన్ నంబరు 877-995-5247. ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, పేరు చెప్పక్కర్లేదు. తల్లిదండ్రులు కూడా చేయవచ్చు. బేసిక్‌లో ఫోన్ లాగేసుకుంటారు కాబట్టి నంబరు నోటికి వచ్చేలా నేర్పించండి. సైన్యం వదిలాక కూడా దారి మూసుకుపోదు. వీఏ, అంటే మాజీ సైనికుల ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఇలాంటి గాయాలకు ఉచితంగా చికిత్స ఇస్తారు, అప్పట్లో రిపోర్టు ఇచ్చి ఉండాలన్న షరతు లేదు. ప్రతి ఆస్పత్రిలో దీని కోసమే ఒక కోఆర్డినేటర్ ఉంటారు. నేను ఇప్పటికీ వెళ్తున్నాను.

పంపాలా వద్దా అని మీ ఆవిడ అడిగారట. పంపొద్దని నేను చెప్పలేను. ఆ యూనిఫాం నాకు చదువు, ధైర్యం, ప్రాణ స్నేహితులను ఇచ్చింది, ఆ సాయంత్రాన్ని కూడా ఇచ్చింది. రెండూ నిజమే. నిర్ణయం మీ అమ్మాయిది.

బేసిక్‌లో ఫోన్ దొరికేది ఎప్పుడో ఆదివారాలు, అది కూడా కొద్ది నిమిషాలే, చుట్టూ పదిమంది ఉంటారు. ఆమెకు తెలుగు వచ్చీరానట్టు ఉన్నా పరవాలేదు, ఆ కాల్స్ తెలుగులోనే మాట్లాడమనండి. పక్కనున్నవాళ్లకు అర్థం కాదు. వెళ్లేలోపు ఈ నెలలో రోజూ కాసేపు ఇంట్లో తెలుగులో మాట్లాడించండి, "నాకు ఇక్కడ బాగోలేదు" అనే వాక్యంతో సహా.