బ్రిటన్‌లో లేబర్ ప్రభుత్వంపై అంత త్వరగా అసంతృప్తి ఎందుకు పెరిగింది?

2024 జులై 4న జరిగిన ఎన్నికల్లో కీర్ స్టార్మర్ నాయకత్వంలోని లేబర్ పార్టీ 650 స్థానాల్లో 411 గెలుచుకున్నప్పటికీ, దానికి వచ్చిన ఓట్లు దాదాపు 34 శాతమే. పద్నాలుగేళ్ల కన్సర్వేటివ్ పాలనపై విసుగుతో వేసిన ఓట్లూ వాటిలో తక్కువేమీ కావు కనుక, ఆ ఆదరణ మొదటినుంచీ పలచనిదే.

ఆ నెలాఖరులోనే ఆర్థిక మంత్రి రేచల్ రీవ్స్, ఖజానాలో లోటు ఉందంటూ, వృద్ధులకు చలికాలంలో ఇల్లు వెచ్చబెట్టుకోవడానికి ఇచ్చే 200 నుంచి 300 పౌండ్ల సాయాన్ని నిరుపేదలకే పరిమితం చేశారు. ఇంగ్లండ్, వేల్స్‌లలో పెన్షన్ క్రెడిట్‌కు (తక్కువ ఆదాయమున్న వృద్ధులకు ప్రభుత్వమిచ్చే భృతి) అర్హత ఆధారంగా గీసిన ఆ గీత వల్ల, వారానికి 218 పౌండ్లకు కాస్త పైబడిన ఆదాయంతో ఒంటరిగా బతికే వృద్ధురాలు కూడా సాధారణంగా ఆ సాయాన్ని కోల్పోయింది. దానివల్ల ఆదా అయిన సొమ్ము బడ్జెట్‌లో స్వల్పమే గాని, పేదల పక్షమని చెప్పుకునే పార్టీ మొదట ముసలివాళ్ల మీదే చెయ్యి వేసిందన్న మాట జనంలో నాటుకుపోయింది.

అదే సమయంలో ప్రధాని స్టార్మర్ దాతలనుంచి దుస్తులు, కళ్లద్దాలు స్వీకరించారన్న వార్తలు రావడం (చట్టవిరుద్ధమని కాదు, చూడటానికే బాగాలేదు) పుండు మీద కారం చల్లినట్లయింది. అక్టోబరు బడ్జెట్‌లో ఉద్యోగుల జీతాలపై యజమానులు చెల్లించే నేషనల్ ఇన్సూరెన్స్ అనే సామాజిక భద్రతా చందాను 13.8 నుంచి 15 శాతానికి పెంచడంతో చిన్న వ్యాపారులు, వ్యవసాయ భూములపై వారసత్వ పన్ను ప్రతిపాదనతో రైతులు దూరమయ్యారు.

చివరకు 2025 జూన్‌లో, ఏడాదికి 35,000 పౌండ్ల లోపు ఆదాయమున్న వృద్ధులకు ఆ సాయాన్ని పునరుద్ధరించారు. అప్పటికే ఒక చలికాలం గడిచిపోయింది.