మినుము విత్తనమూ మోడర్న్ బ్రెడ్డూ

ప్రశ్న: మా అన్నయ్య విజయవాడలో ఆర్టీసీ డ్రైవరు. మా మరిది హైదరాబాద్‌లో కంపెనీ ఉద్యోగి. ప్రభుత్వ రంగం ఎంత తగ్గితే దేశం అంత బాగుపడుతుందని సంక్రాంతి నాడు మరిది అన్నాడు. అన్నయ్య గారెలు కూడా ముట్టకుండా లేచిపోయాడు. ఎవరిది సరైన మాట?
– ఒక పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: ముందు మీ అన్నయ్యగారి ఉద్యోగమే చూద్దామమ్మా. 2020 జనవరి 1న ఆర్టీసీ సిబ్బందిని రాష్ట్ర ప్రభుత్వంలో విలీనం చేశారు. 50,000 మందికి పైగా ఒక్క రోజులో ప్రభుత్వోద్యోగులయ్యారు. లెక్క ప్రకారం ప్రభుత్వం అంత లావెక్కింది. ఆ ఉదయం నెహ్రూ బస్‌స్టేషన్‌లో బయలుదేరిన గుంటూరు బస్సు మాత్రం పాత బస్సే, డ్రైవరూ పాత డ్రైవరే. బస్సు నడక మారాలంటే డిపోలో మరమ్మతులు, డీజిలు వాడకం, రూట్ల కూర్పు మారాలి. జీతం ఏ పద్దులో రాస్తే వాటికేమిటి?

అసలు ప్రభుత్వం చిన్నదా పెద్దదా అని కొలవడమే చిక్కు. ఖర్చుతో కొలిస్తే సింగపూర్ ప్రభుత్వం చిన్నది. కానీ అక్కడి జనంలో ముప్పాతిక వంతుకు పైగా ప్రభుత్వ సంస్థ కట్టిన ఇళ్లలోనే ఉంటారు. ఇక డెన్మార్క్‌లో ప్రభుత్వ ఖర్చు జీడీపీలో సగానికి దగ్గర. అదేమీ పేద దేశం కాదు.

సామర్థ్యం కొలవడం ఇంకా చిక్కు. ముప్పై ఏళ్లు అర్థశాస్త్రం చెప్పాను. పిల్లలు నమ్మనిది ఈ ఒక్కటే. బడికీ పోలీసు స్టేషన్‌కూ అంగట్లో ధర లేదు కనుక, జాతీయాదాయ లెక్కల్లో వాటి సేవ విలువను వాటికైన ఖర్చుతోనే కడతారు. ఒక గుమాస్తా చాలినచోట ఇద్దరిని కూర్చోబెడితే రెండో ఆయన జీతం కూడా ఉత్పత్తి కిందకే వస్తుంది. నిరుడు ఒక సంతకం కోసం ఒక కార్యాలయంలో మూడు బల్లల చుట్టూ తిరిగాను. నా కాళ్లనొప్పులు పోను, మూడు బల్లలూ దేశానికి ఉత్పత్తి చేసినట్టే!

మా తమ్ముడికి తెనాలి దగ్గర రెండెకరాల మాగాణి ఉంది. వరి కోతకు ముందే చేలో మినుము చల్లుతాడు. ఆ ఎల్.బి.జి. 752 రకం గుంటూరు పక్కనున్న లాం ఫారం, అంటే ప్రభుత్వ వ్యవసాయ పరిశోధన కేంద్రం, బిడ్డ. పేరులో మొదటి అక్షరం లాందే. మీ ఇంటి గారెల్లోనూ దాని వంశమే ఉందేమో! మినుము తన పుప్పొడితో తానే కాయ కట్టే పంట. ఒకసారి విత్తనం కొన్న రైతు మరుసటి ఏడు తన గింజలే దాచుకుంటాడు, పక్క చేను వాళ్లకు కాసిని ఇస్తాడు. అలా చేతులు మారిపోయే విత్తనం మీద ఏ కంపెనీ ఏళ్లతరబడి డబ్బు పోస్తుంది? మిరపలో సంకర విత్తనం ఏటా కొనాలి కనుక అక్కడ కంపెనీలు కిటకిటలాడతాయి.

ఇదే దేశంలో కేంద్ర ప్రభుత్వం బ్రెడ్డు కూడా కాల్చింది. మోడర్న్ బ్రెడ్ తయారుచేసే ప్రభుత్వ సంస్థను 2000లో హిందుస్థాన్ లీవర్‌కు అమ్మారు. బ్రెడ్డు బాగాలేకపోతే ఇంకో బేకరీకి వెళతాం. దానికి ఢిల్లీ ఎందుకు? అప్పుడూ సంతోషించాను, ఇప్పుడూ నాకు విచారం లేదు.

బ్రెడ్డు దగ్గర మీ మరిదిగారు గెలిచారు, మినుము దగ్గర ఓడారు. బస్సు మాత్రం ఇద్దరికీ చిక్కదు. విజయవాడ–గుంటూరు రూటులో ఎవరైనా నడుపుతారు. రాత్రి ఎనిమిది మందితో లోపలి పల్లెకు వెళ్లే ఆఖరి సర్వీసు ఎవరు నడుపుతారు? ఆ నష్టం విడిగా రాసి ప్రభుత్వం చెల్లించాలి. మిగతా రూట్లలో డిపోను గట్టిగా లెక్క అడగాలి. రెండూ ఒకే పద్దులో కలిపితే ఆఖరి బస్సు చాటున సోమరితనం కూడా టికెట్టు లేకుండా ప్రయాణిస్తుంది.

ఈసారి ఇద్దరూ కలిసినప్పుడు, లీటరు డీజిలుకు తన బస్సు ఎన్ని కిలోమీటర్లు ఇస్తుందో అన్నయ్యగారిని అడగండి. ఆ అంకె ఆయన నాలుక మీదే ఉంటుంది. మరిదిగారిని కూడా వినమనండి, గారెలు వడ్డించాకే.