సహాయ పాత్రల్లో ప్రతి వేషానికీ వేరే మనిషిలా కనిపించడం ఎలా? మన నెల్లూరు నటుల్లో ఎవరిని చూసి నేర్చుకోవచ్చు?

మీ ప్రశ్న సారాంశం ఇదీ: పరిషత్తు నాటక పోటీల్లో చిన్న వేషాలు వేస్తున్నారు. ఈ ఏడాది మూడు నాటికల్లో వడ్డీ వ్యాపారి, బడిపంతులు, పెళ్లిళ్ల పేరయ్య వేశారు. గడ్డం, విగ్గు, కళ్లజోడు మార్చినా మూడింట్లోనూ మనిషి ఒక్కడే కనిపిస్తున్నాడని న్యాయనిర్ణేతలు అన్నారు. ఎవరి సినిమాలు చూడాలి, ఎలా చూడాలి అని అడిగారు.

ముందు రమణారెడ్డిని చూడండి. తిక్కవరపు వెంకట రమణారెడ్డి 1921లో మన జిల్లా జగదేవిపేటలో పుట్టారు, శానిటరీ ఇన్‌స్పెక్టరుగా పనిచేసి సినిమాల్లోకి వెళ్లారు, 1974లో పోయారు. మనూరివాడన్న అభిమానం నాకు నిండుగా ఉంది, దాచుకోను. కానీ ఆయన్ను ముందు చూడమనడానికి అసలు కారణం ఆయన ఒళ్లు. రివటలాంటి మనిషి. ఆ ఒంటిని ఏ మేకప్పూ దాచలేదు, ఆ గొంతునూ దాచలేదు. తెర మీదికి రాగానే రమణారెడ్డి అని పసిపిల్లలకు కూడా తెలిసిపోతుంది. తెలిసిపోయాక కూడా రెండో నిమిషానికి అతను వడ్డీ డేవిడో, మాయల గురువో అయిపోతాడు. మీకు కావలసింది సరిగ్గా ఇదే. పరిషత్తులో కూడా జనానికి మీ ముఖం తెలుసు కదా.

ఆయనవి మూడు సినిమాలు చాలు. 1955 మిస్సమ్మలో డేవిడ్, 1957 మాయాబజార్‌లో చిన్నమయ్య, 1962 గుండమ్మ కథలో గంటయ్య. ఈ ముగ్గుర్నీ పక్కపక్కన పెట్టి ఒకే ప్రశ్న వేయండి: ఎదుటివాడి మీద ఇతనికి ఉన్న పట్టు ఏమిటి, ఎదుటివాడి దగ్గర ఇతనికి కావలసింది ఏమిటి?

డేవిడ్‌కి పట్టు అప్పు. మేరీ తండ్రి అతని దగ్గర బాకీ పడ్డాడు, అతనికి కావలసింది మేరీతో పెళ్లి. ఆ ఇంట్లోకి అతను చుట్టంలా రాడు, బాకీ కాగితం జేబులో ఉన్నవాడిలా వస్తాడు. అడగకుండా కూర్చునే హక్కు తనకుందని అనుకుంటాడు, పిల్ల ముందు మాత్రం ఆ హక్కు పనిచేయదు. ఒకే మనిషి తండ్రి ముందు ఒక ఎత్తు, కూతురి ముందు ఇంకో ఎత్తు. చిన్నమయ్యకు పట్టు విద్య. ఘటోత్కచుడి ఆశ్రమంలో మాయలు నేర్పే గురువు, లంబూ జంబూ శిష్యులు. అతనికి ఎవరి దగ్గరా దేహీ అనే పని లేదు. గిల్పం, గింబళి అనే మాయ మంచం, మాయ తివాచీ పట్టుకుని కౌరవుల విడిదికి వచ్చినప్పుడు కూడా పైకి వినయం, లోపల గురువుగారే. గంటయ్యకు అప్పూ లేదు, విద్యా లేదు. గుండమ్మ ఇంట్లో చనువు ఒక్కటే ఉంది. ఆ చనువును పట్టుకునే సంబంధాలకు పుల్లలు పెడతాడు.

పట్టు మారింది కాబట్టి నిలబడే తీరు మారింది, మాట మారింది. మీ వడ్డీ వ్యాపారి, పంతులు, పేరయ్య ఒక్కటిగా కనబడటానికి కారణం కూడా ఇక్కడే వెతకండి. ముగ్గుర్నీ జనాన్ని నవ్వించడానికి వచ్చిన మనిషిగానే వేసి ఉంటారు. పట్టు ఎదుటి పాత్ర మీద ఉండాల్సింది పోయి ప్రేక్షకుల మీదికి పోతే, ఏ గడ్డం పెట్టినా లోపల మనిషి ఒకడే.

చూసే పద్ధతి ఇది. సినిమా మొత్తం మీద కాకుండా, ఆ నటుడు ఇంకో మనిషితో ఉన్న మూడు నాలుగు నిమిషాల సీను ఒకటి పట్టుకోండి. మొదటిసారి మ్యూట్ చేసి చూడండి. పాదాలు, చేతులు, చూపు మాత్రమే గమనించండి. ఎవరు ఎవరి దగ్గరికి నడిచారు, ఎవరు ముందు కూర్చున్నారు, చూపు ముందు ఎవరు తిప్పుకున్నారు అన్నవి కాగితం మీద రాయండి. రెండోసారి తెరకు వీపు పెట్టి మాట మాత్రం వినండి. ఎక్కడ ఊపిరి తీసుకున్నాడు, ఏ మాట మీద ఆగాడు, ఎదుటివాడి మాట పూర్తికాకముందే అందుకున్నాడా చూడండి. మూడోసారి రెండూ కలిపి చూస్తే మీరు రాసుకున్నదాంట్లో సగం తప్పని తెలుస్తుంది. ఆ దిద్దుబాటే అసలు చదువు. ఒక సీనుకు గంట పడుతుంది. వారానికి రెండు సీన్లకు మించి పెట్టుకోవద్దు, కలిసిపోతాయి.

రమణారెడ్డి అయ్యాక రాజనాల. కావలిలో పుట్టిన మనిషి, 1953 ప్రతిజ్ఞతో మొదలుపెట్టారు. 1961 జగదేకవీరుని కథలో రాజు, 1962 గుండమ్మ కథలో భూపతి. ఒకడు కిరీటం ఉన్నా మంత్రి మాట మీద నడిచేవాడు, ఇంకొకడు ఏమీ లేకపోయినా దబాయించేవాడు. నిలువెత్తు విగ్రహం రెండింట్లోనూ అదే. అప్పటి నెల్లూరు జిల్లాలోనే పుట్టిన నాగభూషణం ఇంకో దారి. మాయాబజార్‌లో సాత్యకి, 1958 భూకైలాస్‌లో శివుడు, రంగస్థలం మీద ఏళ్ల తరబడి రక్తకన్నీరు నాటకం. దేవుడి వేషంలో కదలకుండా నిలబడగలిగినవాడే రోగంతో కుళ్లిపోయే మనిషినీ మోశాడు. మీకు కదలిక ఎక్కువైపోతోందనిపిస్తే శివుణ్ణి చూడండి, చాలు. మన కాలానికి దగ్గరి మనిషి కావాలంటే ప్రకాశం జిల్లా ధర్మవరపు సుబ్రహ్మణ్యం గారు. 2001 నువ్వు నేనులో లెక్చరరు, 2003 ఒక్కడులో పాస్‌పోర్టు ఆఫీసరు. రెండూ కుర్చీ ఉన్న ఉద్యోగాలే. ఒకచోట కుర్చీ ముందు నిలబడేది కుర్రకారు, ఇంకోచోట పని కోసం వచ్చినవాళ్లు. ఆ తేడాతోనే రెండు వేషాలు విడిపోతాయి.

ఇక మీ వేషానికి వద్దాం. ప్రతి పాత్రకూ గుర్తులు మూడే పెట్టుకోండి: కాలికి ఒకటి, చేతికి ఒకటి, మాటకు ఒకటి. నాలుగోది పెట్టొద్దు. నాటిక గంటసేపు నడిస్తే మీరు స్టేజి మీద ఉండేది ఆరేడు నిమిషాలు. ఒక గుర్తు కనీసం మూడుసార్లు కనబడితేనే జనానికి అందుతుంది. ఐదారు పెట్టుకుంటే ఏదీ మూడోసారి రాదు, వణుకుడు రోగంలా కనిపిస్తుంది. వడ్డీ వ్యాపారికి ఉదాహరణ చెప్తాను. కాలు: గడప దాటాక ఆగడు, నేరుగా కుర్చీ దాకా పోతాడు. చెయ్యి: ఇంట్లో వస్తువు ఏది కనిపించినా ఒకసారి తడిమి బరువు చూస్తాడు. మాట: అంకె వచ్చినప్పుడల్లా నెమ్మదిస్తాడు, మిగతాదంతా వేగం. పంతులికి ఇందులో ఒక్కటీ వాడకూడదు. వాడిన గుర్తులన్నీ ఒక నోటుబుక్కులో రాసిపెట్టుకోండి, ఆ ఏడాది మళ్లీ ముట్టుకోవద్దు. పరిషత్తులు తిరిగేవాళ్లు చాలామంది ఒకళ్లే, వాళ్లకు గుర్తుంటుంది.

సాధనకు "డబ్బు ఎప్పుడిస్తావు?" అన్న ఒక్క మాట తీసుకోండి. బాకీ ఉన్నవాడితో, వాడి మామగారితో, మీ పై ఆఫీసరుతో, చచ్చేంత జబ్బుతో మంచంలో ఉన్న స్నేహితుడితో అనండి. మామగారి దగ్గర "ఇస్తావు" కాస్తా "ఇస్తారు" అవుతుంది, ఆఫీసరు దగ్గర ప్రశ్నే గొంతులో ఇరుక్కుంటుంది. ఫోను ఛాతీ ఎత్తున పెట్టి, పది అడుగుల దూరంలో నిలబడి రికార్డు చేయండి. రోజుకు పది నిమిషాలు, పన్నెండు రోజులు. ఫోను దగ్గరగా పెడితే ముఖంలో నటన బాగా కనిపించి మోసపోతారు. పురమందిరంలో, అంటే టౌన్‌హాలులో, వెనక వరసకు మీ కనుబొమలు అందవు, భుజాలు అందుతాయి.

మాటల్లో అందరూ చేసే తప్పు వాక్యం చివర ఊపిరి వదిలేయడం. తెలుగులో క్రియ చివర వస్తుంది. "వాడు రేపు పొద్దున డబ్బు పట్టుకుని వస్తాడు", "రాడు" అన్న తేడా మొత్తం ఆఖరి మాటలోనే ఉంది. పైన వేలాడే మైకుల కింద తల పక్కకు తిప్పి చివరి మాట అంటే అది సహనటుడికి తప్ప ఎవరికీ వినపడదు. తల తిప్పడం క్రియ అయ్యాక పెట్టుకోండి.

యాస గురించి కాస్త గట్టిగా చెప్పాలి. నెల్లూరు వేషం అనగానే ప్రతి వాక్యానికీ "అబ్బా" తగిలిస్తారు. అది యాస కాదు. "వస్తుండాడు", "ఉండాయి", "యాడికి" అన్నవి మొదటి మాట నుంచి చివరి దాకా నిలబడాలి. మూడు వాక్యాలు యాసలో చెప్పి, ఆవేశం రాగానే పుస్తకం భాషలోకి జారిపోతే పాత్ర అక్కడే చచ్చిపోతుంది. నిజానికి మనిషికి కోపమొస్తే యాస ఇంకా చిక్కబడుతుంది. "ఏందబ్బా" కూడా సాటివాడితోనో చిన్నవాడితోనో అంటాం, ఊరి పెద్ద ముందు అనం. పాత ప్రకాశం జిల్లా పాత్రయితే ఇంకా జాగ్రత్త. 1970లో ఆ జిల్లాను నెల్లూరు, గుంటూరు, కర్నూలు జిల్లాల ముక్కలతో చేశారు. కనిగిరి మనిషి మన నెల్లూరుకు దగ్గరగా మాట్లాడతాడు, అద్దంకి మనిషి గుంటూరు వైపు, గిద్దలూరు మనిషి సీమ వైపు. రచయితను ఊరి పేరు అడక్కుండా యాస మొదలుపెట్టొద్దు.

ముసలి వేషానికి నడుం వంచేసి రావడం మానేయండి. నొప్పి ఎక్కడో ముందు నిర్ణయించుకోవాలి. కుడి మోకాలైతే ఆ కాలి మీద బరువు తక్కువసేపు ఉంటుంది, మెట్టు దిగేటప్పుడు ఆ కాలే ముందు దిగుతుంది, కూర్చోబోయే ముందు చెయ్యి కుర్చీని వెతుకుతుంది. ఇంత చాలు, వీపు నిటారుగా ఉన్నా డెబ్బై ఏళ్లు కనిపిస్తాయి. చెప్పులు మాత్రం చివరి రోజు మార్చవద్దు. వేషం చెప్పులతో కనీసం పది రిహార్సల్స్ నడవకపోతే కాలి గుర్తు స్టేజి మీద నిలవదు. పంచె కూడా అంతే. గోచీ పోసి కట్టినవాడి అడుగు వేరు, అడ్డపంచె వాడి అడుగు వేరు.

మేకప్ చివరిది, కానీ మన ఉక్కపోతలో ఎక్కువ పరువు తీసేదీ అదే. మీసం ఊడటానికి కారణం చాలాసార్లు గమ్ము కాదు, దాని కింద ఉన్న పౌడరో జిడ్డో. మీసం చోట ముందుగా ఏ రంగూ పూయకండి. గడ్డం పొద్దున్నే గీసుకోండి, షో ముందు గీస్తే గమ్ము మంటపెడుతుంది. సర్జికల్ స్పిరిట్‌తో తుడిచి, ఆరాక గమ్ము రాసి, వేలితో తడుతూ తీగలు సాగేదాకా ఆగండి. అప్పుడు మీసం పెట్టి తడిబట్టతో అర నిమిషం అదమండి. పెదవుల మూలల దగ్గర కాస్త ఖాళీ వదలండి, మాట్లాడినప్పుడు ముందు లేచేది అక్కడే. స్టేజి మీద లేస్తే వేళ్లతో నొక్కొద్దు. భుజం మీద కండువా ఉన్న వేషమైతే మూతి తుడుచుకున్నట్టు దాంతో అదమండి, అందుకే కండువాను మొదటి సీన్లోనే ఒకసారి అలా వాడి ఉంచుకోవాలి.

ముడతలకు నల్ల పెన్సిల్ వద్దు, దూరానికి గాట్లలా ఉంటాయి. కళ్లు చిట్లించి సొంత ముడత ఎక్కడ పడుతుందో చూసి, దాని మీదే గోధుమరంగు గీయాలి. జుట్టుకు టాల్కం చల్లితే తల తాకినప్పుడల్లా లైట్ల కింద పొగలా లేస్తుంది. తెల్ల పాన్‌కేక్ మేకప్ రంగును తడిపి పాత టూత్‌బ్రష్‌తో కణతల దగ్గర దువ్వండి. కళ్లజోడుకు అద్దాలు తీసేసి ఫ్రేము మాత్రం పెట్టుకోండి. అద్దాల మీద లైటు పడితే మీ చూపు కనిపించదు.

ఒకే నాటికలో రెండు వేషాలు పడితే నడుమ కనీసం మూడు నిమిషాలు ఉన్నాయో లేదో స్క్రిప్టు చేతికొచ్చిన రోజే గడియారం పెట్టి చూసుకోండి. లేకపోతే దర్శకుడితో మాట్లాడి, రెండింట్లో ఒకదానికి అతికించే మీసం లేకుండా చేయించండి. రెండో వేషం చొక్కాకు గుండీల వెనక ప్రెస్ బటన్లు కుట్టించండి. సాయానికి ఒక మనిషిని పక్క తెర దగ్గర నిలబెట్టి, చొక్కా, కండువా, చెప్పులు ఏ వరసలో అందించాలో డ్రెస్ రిహార్సల్‌కు ముందే మూడుసార్లు చేయించండి. చెప్పులు ఆఖరున వేసుకోండి. అవి తొడుక్కుని రెండడుగులు వేస్తే రెండో మనిషి నడక దానంతటదే వస్తుంది, స్టేజి మీదికి పోయాక వెతుక్కోనక్కరలేదు.