ఎనిమిదో తరగతి గోల గురించి బుజ్జికి

చిరంజీవి బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న ఫోన్లో నీ గొంతు విన్నప్పటి నుంచి నా మనసు నీ దగ్గరే ఉంది. బెత్తం లేకుండా ఈ పిల్లల్ని ఎవరైనా దారిలో పెట్టగలరా అని అడిగావు. పెట్టొచ్చు తల్లీ. స్టాఫ్‌రూమ్‌లో ఎవరేం చెప్పినా బెత్తం జోలికి పోకు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడంతో పాటు మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. గోడకుర్చీ వేయించడానికీ, "నువ్వెందుకు పనికొస్తావురా" అనడానికీ మనకు హక్కు లేదు. పైగా దెబ్బకు జడిసి ఊరుకున్నవాడు నువ్వు బోర్డు వైపు తిరగ్గానే మళ్లీ మొదలుపెడతాడు.

నువ్వు గదిలోకి వచ్చి, రిజిస్టరు తెరిచి, చాక్‌పీసు వెతుక్కుని, "నిన్న ఎక్కడిదాకా అయింది?" అని అడిగే ఆ కాసేపట్లోనే సగం గోల పుడుతుంది. అందుకని రాగానే బోర్డు మీద ఒక చిన్న లెక్క వెయ్యి. నిన్నటి పాఠంలోదే, అందరికీ వచ్చేదై ఉండాలి. వాళ్లు అది చేస్తుంటే నీ పనులు చూసుకో.

బోర్డు మీద రాసేటప్పుడు పక్కకు తిరిగి నిలబడు. డస్టర్‌తో బల్ల బాదుతూ "సైలెన్స్" అని అరవకు, నీ గొంతు లేచినకొద్దీ వాళ్ల గొంతూ లేస్తుంది. పాఠం చెబుతూనే వెనక బెంచీ దాకా నడువు. అల్లరి చేసేవాడు అప్పటికీ ఆపకపోతే వంగి, వాడికి మాత్రమే వినపడేలా "మూడో లెక్క చెయ్యి నాన్నా, మళ్లీ వచ్చి చూస్తాను" అను. మళ్లీ వెళ్లి తప్పకుండా చూడు. చూడకపోతే ఇక నీ మాట చెల్లదు.

పిల్లికూతలు కూస్తాడన్నావే, ఆ పిల్లాడి గురించే నాకు ఎక్కువ ఆలోచనగా ఉంది. లేచి చదవమన్నప్పుడే కూస్తున్నాడేమో కనిపెట్టు. అదే అయితే వాడికి చదవడం రాదేమోనని నా అనుమానం. ఎనిమిదికొచ్చినా ఒత్తుల దగ్గరే ఆగిపోయిన పిల్లలు మన బడుల్లో ఉన్నారు. నలుగురిలో తడబడేకంటే అల్లరివాడనిపించుకోవడమే వాళ్లకు నయమనిపిస్తుంది. భోజనాలయ్యాక వాణ్ణి ఒక్కణ్ణే వరండాలోకి పిలిచి, రెండో తరగతి తెలుగు వాచకంలో ఓ పేరా చదివించు. వేలు పెట్టుకుని అక్షరాలు కూడబలుక్కుంటే, రోజూ పది నిమిషాలు వాడితో కూర్చో. పుస్తకాన్ని ముఖానికి దగ్గరగా లాక్కుంటే మాత్రం కళ్లు చూపించాలి. పిల్లల ఆరోగ్య పరీక్షలకు ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) వైద్య బృందం బడికి వస్తుంది, హెడ్మాస్టారుతో చెప్పి వాడి పేరు ముందుగా రాయించు. అప్పటిదాకా క్లాసులో వాడికి వచ్చిన ప్రశ్నే అడుగు.

వాళ్లమ్మకు ఫోన్ చేస్తానన్నావు. ఇప్పుడే వద్దు. వాడు ఒక లెక్క సరిగ్గా చేసిన రోజున చేసి, ఆ మాట చెప్పు. కూలికి వెళ్లొచ్చే తల్లికి బడి నుంచి ఫోనంటేనే గుండెదడ. తొలిసారి మంచి మాట విన్న తల్లి, తర్వాత ఫిర్యాదు చెప్పినా నీతో కలిసి ఆలోచిస్తుంది.

పిల్లలు కొట్టుకునేదాకా వస్తే అందరి ముందు పంచాయితీ పెట్టకు. విడదీసి, ఒక్కొక్కరి మాట విడిగా విని, ఆ రోజే హెడ్మాస్టారుకి చెప్పు.

ఆదివారం ఫోన్ చెయ్యి. వాడు ఎంతవరకు చదవగలిగాడో చెబితే, ఏ పాఠంతో మొదలుపెట్టాలో ఇద్దరం చూద్దాం.

మీ పెద్దమ్మ